లెక్కకు రాని రోగులు



నేడు నేను ముచ్చటింపబోవు విషయము రచ్చబండ మీద పెద్దలు సామాన్యముగా ఎత్తుకొనునది కాదు. ఆడువారి రొమ్మునకు వచ్చు రాచపుండును గూర్చినది. దీనినే ఇప్పుడెల్లరును క్యాన్సరు అనుచున్నారు. ముప్పది నాలుగేండ్లు పాఠశాలలో తెలుగును సంస్కృతమును బోధించిన నాకు వైద్యశాస్త్రముతో పనియేమని మీరడుగవచ్చును. ఆ పనిని కల్పించినది మా అక్కగారు.

నాలుగేండ్ల క్రిందట, తన డెబ్బదిరెండవ యేట, ఆమెకు రొమ్ములో బఠాణి గింజయంత గట్టి కణితి చేతికి తగిలినది. మూడు నెలలు ఎవ్వరికిని చెప్పలేదు. చెప్పుటకు సిగ్గు, చెప్పినచో కొడుకులకు వ్రయము కలుగునని భయము. తుదకొకనాడు నాతో, "తమ్ముడూ, ఈ వయస్సున నాకు వైద్యమేల?" అని మొదలుపెట్టి సంగతి బయటపెట్టినది. పట్టణములోని ఆసుపత్రికి తోడ్కొనిపోతిని. డాక్టరుగారు కణితిని పరీక్షింపించి, చికిత్సను వివరించి, దానివలన వ్యాధి తిరుగబెట్టుట ఎంత తగ్గునో నూటికి ఇంతయని లెక్క చెప్పిరి. శాస్త్రము చదువుకొన్నవాడను గనుక, ఏ మాటకైనను ప్రమాణమడుగుట నాకలవాటు. "అయ్యా, ఈ లెక్క ఎవరిని చూచి వేసినది? మా అక్కవంటి వారిని చూచియేనా?" అని అడిగితిని. ఆయన క్షణకాలమూరకుండి, "మాస్టారూ, చాలవరకు అమెరికా, ఐరోపా స్త్రీలను చూచి వేసినది. అందులోను మీ అక్కగారికంటె చిన్నవారిని చూచి" అని ఉన్నమాట చెప్పిరి.

ఆ మాట నన్ను విడువలేదు. ఆనాటినుండి ఈ చికిత్సల చరిత్రను తెలిసినవారినడిగియు చదివియు కొంత తెలిసికొంటిని. ఆ చరిత్రయే నేటి ప్రసంగము.

మన తార్కికులు స్థాలీపులాక న్యాయమని ఒకటి చెప్పుదురు. కుండలో ఉడుకుచున్న అన్నమంతయు పిసికి చూడనక్కరలేదు. ఒక్క మెతుకు పట్టి చూచిన చాలును. మన ఇండ్లలోని స్త్రీలు తర్కము చదువకయే దీనిని నిత్యము పాటించుచున్నారు. అయితే ఈ న్యాయము చెల్లుటకు ఒక నియమము కలదు. కుండలోని బియ్యమంతయు ఒక్క తీరుది కావలెను. పాతబియ్యమును క్రొత్తబియ్యమును కలిపి ఎసటిలో పోసిన ఇల్లాలు ఒక్క మెతుకు చూచి కుండ దింపదు. రెండు రకముల మెతుకులను చూచును.

నేటి వైద్యులు మందును పరీక్షించు పద్ధతియు ఈ న్యాయము మీదనే నిలిచియున్నది. ఒక్కటే వ్యాధి కల వేయిమందిని చేర్చుకొందురు. చీటి వేసినట్లుగా, ఎవరి ఇష్టాయిష్టములకును తావులేకుండ, వారిని రెండు భాగములు చేయుదురు. ఒక భాగమునకు క్రొత్త మందును, రెండవ భాగమునకు పాత మందును ఇచ్చి, కొన్నియేండ్లు కనిపెట్టి, ఏ భాగమువారు ఎక్కువమంది బ్రతికిరో లెక్కింతురు. ఇంతకంటె మంచి ప్రమాణము మానవులకింకను దొరకలేదు. కాని ఆ వేయిమందిలో ఎవరుందురో వారిని గూర్చియే ఆ లెక్క నిశ్చయముగా చెప్పును. అందులేనివారిని గూర్చి చెప్పునది అనుమానము మాత్రమే. మన ప్రాచీన వైద్యులును దేశమును, కాలమును, వయస్సును, బలమును, ప్రకృతిని విచారింపక మందీయరాదనిరి. నేనీ మాటను ఆధునిక వైద్యమును తగ్గించుటకు చెప్పుటలేదు. క్యాన్సరునకు ఆధునిక చికిత్స మాని ఇతర మార్గములలో కాలహరణము చేయుట ప్రాణమునకు ముప్పు. ఆ వైద్యమే తన నియమమును తాను ఎంతవరకు పాటించినదో చూతమని మాత్రమే నా తలంపు.

ప్రమాణము లేకుండ నడచిన కాలము మొదట చెప్పెదను. అమెరికాలో విలియం హాల్‌స్టెడ్ అను శస్త్రవైద్యుడుండెను. రొమ్మును, దాని క్రిందనున్న ఛాతి కండరములను, చంకలోని గ్రంథులను సమూలముగా తీసివేయు శస్త్రచికిత్సను ఆయన ప్రచారము చేసి, 1894లో తన ఫలితములను ప్రకటించెను. ఎంత ఎక్కువ కోసిన అంత క్షేమమని వైద్యులు నమ్మిరి. డెబ్బది ఎనుబదియేండ్లు ఆ నమ్మకము సాగెను. ఎందరో స్త్రీలు చేయి ఎత్తుటకు వీలులేని స్థితిలో మిగిలిరి. ఆ గొప్ప కోతకంటె చిన్న కోత తక్కువదా యని చీటి వేసి చూచినవాడు పిట్స్‌బర్గు నగరమునకు చెందిన బెర్నార్డు ఫిషరు. 1971లో ఆయన ప్రారంభించిన పరీక్షలో 1,665 మంది స్త్రీలు చేరిరి. పెద్ద కోతవలన ఆయుర్దాయమేమియు పెరుగదని తేలెను. ఒక గొప్పవాని మాట ప్రమాణము కాజాలదని, లెక్కయే ప్రమాణమని లోకమునకు అప్పుడు తెలిసినది.

ఇక మందుల చరిత్రకు వత్తము. ఇందు మన తెలుగువారి పేరొకటి కలదు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలకు పరిశోధనాధిపతియైరి. ఫోలిక్ ఆమ్లమను విటమినుకు విరోధముగా పనిచేయు మందులు ఆయన నాయకత్వమున ఆ శాలలో తయారయ్యెను. వానితో 1948లో బోస్టను నగరమున సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు పిల్లల రక్త క్యాన్సరును కొంతకాలము అణచి చూపెను. ఆ యేడే సుబ్బారావుగారు పరమపదించిరి. ఆ మందుల కుటుంబములోనిదే మెథొట్రెక్సేటు.

ఆ మెథొట్రెక్సేటు రక్తములోని వ్యాధికే గాక రొమ్ములోని గడ్డకును పనిచేయునని 1951లో చూపినది ఎవరో మీరెరుగుదురా? న్యూయార్కులో నల్లజాతివారు నివసించు హార్లెం పేటలోని ఆసుపత్రియందు పనిచేయుచున్న డాక్టరు జేన్ రైట్ అను నల్లజాతి స్త్రీ. ఆమె తండ్రి లూయీ రైట్ అచ్చట క్యాన్సరు పరిశోధన సంస్థను స్థాపించెను. తండ్రి 1952లో మరణింపగా కుమార్తె దానికి అధిపతియయ్యెను. 1964లో అమెరికా క్యాన్సరు వైద్యుల సంఘమును స్థాపించిన ఏడుగురిలో ఆమె యొక్కతెయే స్త్రీ, ఆమె యొక్కతెయే నల్లజాతి వ్యక్తి.

పిమ్మట ఇటలీలో మిలాను నగరమున జాన్ని బొనడొన్నా అను వైద్యుడు ఆ మెథొట్రెక్సేటును మరి రెండు మందులతో కలిపి, శస్త్రచికిత్సయైన స్త్రీలకిచ్చి, 1976లో ఫలితము ప్రకటించెను. మందు పుచ్చుకొనని 179 మందిలో నూటికి 24 మందికి వ్యాధి తిరుగబెట్టగా, పుచ్చుకొనిన 207 మందిలో నూటికి 5 మందికి మాత్రమే తిరుగబెట్టెను. అది తొలి రెండు మూడేండ్ల లెక్కయే యైనను, లోకమంతటను వైద్యము మారిపోయెను.

తెలుగువాని శాలలో పుట్టిన మందు, నల్లజాతి వైద్యురాలి చేతిలో, హార్లెం రోగులయెడ ఈ వ్యాధిపై తన గుణమును చూపినది. ఇట్లు మొదలైన కథలో, పిమ్మట జరిగిన పెద్ద పరీక్షలలో నల్లజాతి స్త్రీలకు చోటెంత దొరికినదో చూడుడు. టామాక్సిఫెను అను హార్మోను విరోధి మాత్ర వ్యాధి రాకుండ ఆపునా యని అమెరికాలో 1992 మొదలు 13,388 మంది స్త్రీలపై పరీక్ష జరిగెను. 1998లో ఫలితము వచ్చెను. మాత్ర రోగమును ఇంచుమించు సగమునకు తగ్గించెను. కాని ఆ స్త్రీలలో నూటికి 96 మంది తెల్లజాతివారే. 2008 మొదలు 2018 వరకు అమెరికా ప్రభుత్వము క్యాన్సరు మందులకనుమతినిచ్చుటకు ఆధారమైన పరీక్షలను, జాతి వివరము వ్రాసినంతమట్టుకు, తరువాత కొందరు లెక్కించిరి. అందలి రోగులలో నల్లజాతివారు నూటికి ముగ్గురు. ఆ దేశ జనాభాలో వారు నూటికి పండ్రెండు పదుమువ్వురు కలరు.

ఇట్లేల జరిగెను? వారే ముందుకు రారని చాలకాలము చెప్పిరి. రాకపోవుటకు కారణము లేకపోలేదు. అలబామా రాష్ట్రమున టస్కెగీ యను చోట 1932 మొదలు 1972 వరకు ప్రభుత్వ వైద్యులే సవాయి రోగము కల నల్లజాతి పురుషులను, పెనిసిలిను దొరకుచున్నను ఇయ్యక, రోగము ముదురుట చూచుచు కూర్చుండిరి. అట్టి గాయము ఒక తరములో మానదు. కాని అది సగము మాటయే. శరీరమంతటను వ్యాపించిన రొమ్ము క్యాన్సరు కల రోగులను అమెరికాలో రోగుల సంఘమొకటి ప్రశ్నించి 2022లో ప్రకటించిన లెక్క చూడుడు. నల్లజాతివారిలో నూటికి 83 మంది పరీక్షలో చేరుటను గూర్చి ఆలోచింతుమనిరి. నూటికి 40 మంది, అట్టి పరీక్షలున్నవని తమ వైద్యులు తమతో చెప్పనేలేదనిరి. విందుకు పిలువక, రాలేదని నిందించినట్లున్నది ఈ వ్యవహారము.

దీనివలన నష్టమేమి? మందు మందే గదా, తెల్లవారికి పనిచేసినది నల్లవారికి పనిచేయదా యని మీరనవచ్చును. ఇక్కడ నిదానముగా విచారింపవలెను.

అమెరికాలో 1980 ప్రాంతము వరకు ఈ వ్యాధివలన మరణించు తెల్లజాతి స్త్రీల లెక్కయు నల్లజాతి స్త్రీల లెక్కయు ఇంచుమించు సమానముగ నుండెను. అటుపిమ్మట టామాక్సిఫెను వచ్చినది, ఎక్సురే తీసి గడ్డను ముందుగా పట్టు పద్ధతి వచ్చినది. మరణములు తగ్గనారంభించెను, కాని సమముగా తగ్గలేదు. ఈనాడు నల్లజాతి స్త్రీలకు వ్యాధి తెల్లజాతి స్త్రీలకంటె కొంచెము తక్కువగా వచ్చుచున్నను, మరణములు మాత్రము సుమారు నూటికి 40 వంతున ఎక్కువ. వైద్యము లేనినాడు లేని భేదము వైద్యము వచ్చిన పిమ్మట పుట్టినది. ఇది నన్ను మిక్కిలి కలవరపరచిన సంగతి.

దీనికి కారణములు రెండు తెగలు. ఒకటి మందు అందకపోవుట. దారిద్ర్యము, ఆసుపత్రి దూరము, భీమా లేకపోవుట, గడ్డను ఆలస్యముగా కనుగొనుట, మొదలిడిన చికిత్స నడుమ ఆగిపోవుట మున్నగునవి ఇందు చేరును. రెండవది రోగములోనే భేదముండుట. రొమ్ము క్యాన్సరు పేరున ఒక్కటియే కాని జాతులలో అనేకము. కొన్ని గడ్డలు స్త్రీ హార్మోను నాధారము చేసికొని పెరుగును; వానికి టామాక్సిఫెను విరుగుడు. కొన్నింటికి హార్మోనుతో పనిలేదు. హెర్-టూ అను మాంసకృత్తు కలవానికి 1998లో అనుమతి పొందిన ట్రాస్టుజుమాబు పనిచేయును. ఈ రెండు లక్షణములును లేని గడ్డలను ట్రిపుల్ నెగటివ్ అందురు. వానికి ఈ రెండు మందులును పనిచేయవు. ఇట్టి గడ్డ నల్లజాతి స్త్రీలలో తెల్లజాతివారికంటె సుమారు రెట్టింపు.

ఈ సంగతి పరీక్షల ద్వారా ముందుగా తెలియలేదు. ఉత్తర కారొలినా రాష్ట్రమున 1993లో మొదలిడిన ఒక పరిశీలనలో, నల్లజాతి స్త్రీలను, చిన్నవయస్సు స్త్రీలను కావలెనని ఎక్కువమందిని చేర్చిరి. 2006లో ఫలితము ప్రకటించిరి. ముట్లుడుగని నల్లజాతి స్త్రీలలో నూటికి 39 మందికి ఈ మొండి జాతికి చెందిన గడ్డయే యుండెను. ఇతర జాతుల స్త్రీలలో నూటికి 16 మందికి మాత్రముండెను. కుండలో రెండు రకముల బియ్యమున్నవని తెలియుటకు రెండవ రకపు మెతుకును పట్టి చూడవలసివచ్చెను. అంతవరకు ఒక్క మెతుకుతో వంట ముగించుచుండిరి.

మందు అందినచో భేదము పోవునా యను ప్రశ్నకును ఒక సమాధానము దొరకినది. 1974 మొదలు 2001 వరకు జరిగిన 35 పరీక్షలలోని 19,457 మంది రోగుల చరిత్రను 2009లో తిరిగి పరిశీలించిరి. పరీక్షలో అందరికిని ఒక్కటే వైద్యము, ఒక్కటే కొలత. ఊపిరితిత్తుల క్యాన్సరు, పెద్దప్రేగు క్యాన్సరు, రక్త క్యాన్సరులలో ఇరుజాతుల మరణములు సమానమాయెను. అనగా అక్కడ భేదమునకు కారణము చికిత్స అందకపోవుటయే. కాని రొమ్ము, అండాశయ, ప్రాస్టేటు క్యాన్సరులలో సమానవైద్యము చేసినను భేదము మిగిలెను. రొమ్ము క్యాన్సరులో, ముట్లుడుగని నల్లజాతి స్త్రీలకు మరణభయము నూటికి 41 వంతున ఎక్కువగా నుండెను. కావున మందు పంచిపెట్టుట యొక్కటే చాలదు. ఎవరికి ఏది పనిచేయునో తెలిసికొనుటయు కావలెను.

కొలబద్దలే తప్పుగా నుండుటకు మరియొక దృష్టాంతము. రక్తములోని తెల్లకణములలో న్యూట్రోఫిల్ అనునొక జాతి కలదు. ఘన మిల్లీమీటరునకు 1,500 ఉండినగాని పరీక్షలో చేర్చుకొనమని చాల పరీక్షలలో నియమము. ఆఫ్రికా సంతతివారిలో అనేకులకు ఈ కణములు పుట్టుకతోనే తక్కువ. దానివలన వారికి హానియేమియు లేదు. ఒక జాతి మలేరియానుండి వారిని కాపాడు రక్తలక్షణముతో కూడ వచ్చిన గుణమది. ఐరోపావారి రక్తమును చూచి గీసిన గీత వీరికి అడ్డుగోడయైనది. పరీక్షలో చోటు లేదు. చికిత్సలోనున్నవారికి కణములు తగ్గినవని మోతాదు తగ్గించుటయో, వాయిదా వేయుటయో జరుగుచుండెను. మోతాదు తగ్గిన మందు తక్కువగా పనిచేసిన, ఆ తప్పు ఎవరిది?

ఇంతవరకు జాతిని గూర్చి చెప్పితిని. ఇక వయస్సును గూర్చి. ఇది మా అక్కగారి సంగతి. అమెరికాలో ఒక పెద్ద పరీక్షా సంఘము 1993 మొదలు 1996 వరకు జరిపిన పరీక్షలను పరిశీలించి 1999లో లెక్క ప్రకటించిరి. రొమ్ము క్యాన్సరు కల స్త్రీలలో నూటికి 49 మంది అరువదియైదు నిండినవారు. పరీక్షలలో మాత్రము వారు నూటికి 9 మంది. వృద్ధులు తట్టుకొనలేరని వైద్యులే చేర్చుకొనకపోవుట ఒక కారణము. దయతో చేసిన పనియే కావచ్చును. కాని దాని ఫలమేమి? చికిత్స ఎక్కువగా అవసరమైనవారికే చికిత్సను గూర్చి తక్కువగా తెలిసియుండుట.

పిమ్మట వృద్ధస్త్రీలనే చేర్చి రెండు పరీక్షలు చేసిరి. రెండును విన దగినవి. మొదటిదానిలో అరువదియైదు దాటిన 633 మందిలో కొందరికి వాడుకలోనున్న మందులను, కొందరికి నోటి మాత్రగా నిచ్చు కాపెసిటబీను అను సులువైన మందును ఇచ్చిరి. వృద్ధులకు సులువైనదే మేలని ఎల్లరును తలంచియుండిరి. 2009లో ఫలితము వచ్చెను. మూడేండ్లకు, వాడుక మందులు పుచ్చుకొనినవారిలో నూటికి 85 మంది, మాత్ర పుచ్చుకొనినవారిలో నూటికి 68 మంది మాత్రమే వ్యాధి తిరుగబెట్టకుండ నుండిరి. దయచూపి ఇచ్చిన సులువు మందు వారికి అపకారము చేసినది.

రెండవదానిలో డెబ్బదియేండ్లు నిండి, చిన్న గడ్డ, హార్మోను లక్షణము కల 636 మందికి గడ్డ మాత్రము తీసివేసి టామాక్సిఫెను ఇచ్చిరి. వారిలో సగముమందికి దానితోపాటు రేడియేషను కిరణములును పెట్టిరి. పదియేండ్లకు, కిరణములు పెట్టినవారిలో నూటికి 98 మందికి, పెట్టనివారిలో 90 మందికి ఆ ప్రక్క గడ్డ తిరిగి రాలేదు. కాని ఆయుర్దాయములో భేదము లేదు, 67, 66. ఇక్కడ పెద్ద చికిత్స చాలమందికి అనవసరమని తేలినది.

చూచితిరా! ఒకచోట తక్కువ వైద్యము కీడు చేసినది. ఇంకొకచోట తక్కువ వైద్యమే చాలినది. ఊహించి చెప్పియున్నచో రెంటను పొరబడవచ్చును. అడిగి చూచుటకు వృద్ధస్త్రీలు అంగీకరించుటవలననే నిజము తెలిసినది.

పురుషులను గూర్చియు ఒక్క మాట. ఈ వ్యాధి పురుషులకును వచ్చును, నూటికొకటి. వారిని పరీక్షలలో చేర్చుకొనుట మిక్కిలి అరుదు. పాల్బొసిక్లిబ్ అను మందును స్త్రీలకు 2015లో అనుమతించిరి. పురుషులకు 2019లోగాని అనుమతి రాలేదు. అదియు ప్రత్యేక పరీక్షవలన గాక, వాడినవారి చికిత్సా పత్రముల నాధారముగా ఇచ్చినది. మగవారికి రొమ్ములో గడ్డ కనబడిన, ఇది ఆడువారి రోగమని ఉపేక్షింపరాదు.

ఇక ఆసియా ఖండమునకు వత్తము. 1896లో గ్లాస్గో నగరమున జార్జి బీట్సను అను వైద్యుడు, అండాశయములు తీసివేసినచో కొందరి రొమ్ములోని గడ్డలు కరగిపోవునని ప్రకటించెను. హార్మోను చికిత్సకు అది నాంది. నూరేండ్ల తరువాత వియత్నాములోను చైనాలోను, ఖరీదైన మందులు కొనలేని స్త్రీలకు ఆ పాత పద్ధతియు టామాక్సిఫెనును కలిపి ఇచ్చిన మేలు కలుగునా యని రిచర్డ్ లవ్ అను అమెరికా వైద్యుడు ఆ దేశముల వైద్యులతో కలిసి పరీక్షించెను. 709 మంది స్త్రీలు చేరిరి. 2002లో ఫలితము ప్రకటించిరి. అయిదేండ్లకు, చికిత్స వెంటనే పొందినవారిలో నూటికి 75 మంది, పొందనివారిలో నూటికి 58 మంది వ్యాధి లేకుండ నుండిరి. పేద దేశపు స్త్రీలు తమకు తగిన వైద్యము తమయందే రుజువు చేసికొనిరి.

మన దేశమునను అట్టి పని జరిగినది. మన స్త్రీలకు ఈ వ్యాధి పాశ్చాత్య దేశములకంటె సుమారు పదియేండ్లు ముందుగా వచ్చుచున్నది. మొండి జాతి గడ్డలును ఇక్కడ హెచ్చు. కావున పరదేశపు లెక్క మనకు పూర్తిగా సరిపడదు. ముంబయిలోని టాటా స్మారక ఆసుపత్రి వైద్యులు డాక్టరు రాజేంద్ర బడ్వేగారి నాయకత్వమున 2011 మొదలు 2022 వరకు దేశములోని 11 ఆసుపత్రులలో ఒక పరీక్ష నడిపిరి. పన్ను పీకునపుడు నొప్పి తెలియకుండ ఇచ్చు లిగ్నొకెయిను మందును, శస్త్రచికిత్సకు కొద్ది నిమిషములు ముందు గడ్డ చుట్టును సూదితో ఎక్కించిరి. 1,583 మంది స్త్రీల లెక్క తీసి 2023లో ప్రకటించిరి. అయిదేండ్లకు, సూది పొందినవారిలో నూటికి 90 మంది, పొందనివారిలో నూటికి 86 మంది జీవించియుండిరి. మిక్కిలి చౌక మందు! ఈ ఫలితమును ఇతర దేశములలోను మరల పరీక్షించి చూడవలెనను వైద్యులున్నారు. ఆ మాటను మనము తప్పుపట్టరాదు. వారి మెతుకు మన కుండకు చాలదన్నప్పుడు, మన మెతుకు వారి కుండకు చాలునని ఎట్లందుము? న్యాయము ఇరువురికిని ఒక్కటే.

అయితే పరీక్షలో చేర్చుకొనుటయే పుణ్యకార్యమని నేననను. అడుగకుండ చేర్చుట వదలివేయుటకంటె చెడ్డది. 2009లో నాటి మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమున ఖమ్మము జిల్లాలో, గర్భాశయ ముఖద్వార క్యాన్సరు రాకుండ ఆపు టీకాను పది మొదలు పదునాలుగేండ్ల బాలికలకు వేసిరి. వారిలో చాలమంది గిరిజన వసతిగృహములలోని బాలికలు. తల్లిదండ్రులకు తెలియకుండ వార్డెనులే సమ్మతి పత్రములపై చేవ్రాళ్లు చేసిరని తరువాత బయటపడెను. కొందరు బాలికలు మరణింపగా 2010లో ఆ కార్యక్రమమును నిలిపివేసిరి. ఆ మరణములకు టీకా కారణమని విచారణలో తేలలేదు. కాని సమ్మతి తీసికొనిన తీరును పార్లమెంటు సంఘము 2013లో తీవ్రముగా గర్హించెను. టీకా మంచిదే. అడుగకపోవుటవలన ఆ మంచి టీకాకే అపకీర్తి వచ్చెను.

ఇప్పుడు చట్టములు కొంత మారినవి. అమెరికాలో 1993లో, ప్రభుత్వ ధనముతో జరుగు పరీక్షలలో స్త్రీలను, అల్పసంఖ్యాక జాతులను చేర్చవలెనని శాసనము చేసిరి. మన దేశమున 2007లో పరీక్షలన్నింటికిని ఒక పట్టిక ఏర్పరచి, 2009నుండి అందు నమోదును తప్పనిసరి చేసిరి. 2019లో వచ్చిన నియమముల ప్రకారము, రోగికి తెలిసిన భాషలో విషయము చెప్పి, సమ్మతి పొందవలెను. పరీక్షవలన హాని కలిగిన వైద్యమును పరిహారమును ఇయ్యవలెను. శాసనము కాగితము మీదనుండును. దానిని అడుగువారు ఊళ్ళలోనుండవలెను.

అందులకే పెద్దలారా, ఈ ప్రసంగము మీకు చేసితిని. మీ ఇంటి స్త్రీ రొమ్ములో గడ్డ యున్నదని చెప్పిన, అది సిగ్గుపడవలసిన మాటగా చేయకుడు. ఆ వారముననే వైద్యునికి చూపుడు. వైద్యుడు మందు చెప్పినపుడు, ఈ మందు మావంటివారిలో చూచినదేనా యని మర్యాదగా అడుగుడు. ఆ ప్రశ్నకు కోపపడు వైద్యుని నేనింతవరకు చూడలేదు. పూర్తి జవాబు లేదనిన, మందు మానుకొనకుడు. ఉన్న ప్రమాణములలో అదియే మేలైనది. పరీక్షలో చేరుదురా యని అడిగిన, భయపడి లేచి రాకుడు. పత్రమును చదివించుకొని వినుడు. ఇష్టమున్న చేరవచ్చును, ఇష్టము లేనిచో కాదనవచ్చును, చేరిన పిమ్మటనైనను విరమించుకొనవచ్చును. కాదన్నందువలన మామూలు వైద్యము ఆగరాదు.

మా అక్కగారి కథ ముగించెదను. ఆమెకు గడ్డ మాత్రము తీసివేసిరి. గడ్డకు హార్మోను లక్షణము కలదని తేలినది. రేడియేషనుకై నూరు కిలోమీటర్ల దూరము దినదినమును పోయివచ్చుట ఎట్లాయని నేను చింతించుచుండగా, డాక్టరుగారు ఆ 636 మంది వృద్ధస్త్రీల పరీక్షను వివరించి, మీరిష్టపడినచో మాత్రతోనే కానిత్తమనిరి. గడ్డ అక్కడనే తిరిగివచ్చు అవకాశము కొంచెము హెచ్చని కూడ దాచక చెప్పిరి. నిర్ణయము అక్కగారిదే. ఆమె విని, "ఆ ముసలమ్మలు ఎవరో గాని, వారి పుణ్యమా యని నాకీ ప్రయాణము తప్పినది" అన్నది.

ఆ స్త్రీలు అమెరికావారని, మనవంటివారు వారిలో లేరేమోనని నేనంటిని. ఆమె కొంతసేపు ఆలోచించి, "అయితే మన వైపువారిని ఎవరైనా అడిగినప్పుడు, నన్ను కూడ వ్రాసికొమ్మనుము తమ్ముడూ" అన్నది. ఇంతవరకు ఎవరును అడుగలేదు. ఆమె దినమునకొక మాత్ర వేసికొనుచు, ప్రాతఃకాలమున తులసికోటకు నీళ్లు పోయుచు క్షేమముగా నున్నది.